రెండో పేజీ లేని బిల్లు

త్రాసుల షాపు, మేడ మీద గది
ఫిబ్రవరి 4

బావా,

ఫోన్ చేస్తే నేను చెప్పినదాంట్లో సగమే నీ చెవిదాకా వస్తుంది, ఆ సగానికే నువ్వు జవాబు చెప్పి పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. తీరిగ్గా, కళ్ళజోడు తుడుచుకుని చదువు.

నాకు కారు కావాలి. నవ్వకు. కుడి పాదంతో పని లేకుండా, వేగమూ బ్రేకూ రెండూ చేత్తోనే నడిపే లివర్లున్న కార్లు మీ షోరూంలో వస్తున్నాయని విన్నాను. అలాంటి బండి మీదే పోయిన నెల పరీక్షకి వెళ్ళి లైసెన్సు తెచ్చుకున్నాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, నీకే మొదట.

ఎందుకంటే, మా షాపు పెద్దాయన నిన్న నన్ను కూర్చోబెట్టి మాట్లాడాడు. బయటి రూట్ చూసే మెకానిక్ జూన్‌లో మానేస్తున్నాడట. మందుల షాపులు, ధాన్యం గోదాములు, బేకరీలు, మొత్తం నలభై చోట్ల త్రాసులు సరిచూసి సంతకం పెట్టే పని. ఆరేళ్ళ కిందట ఆ రూట్ నాదే. జూన్ ఒకటిన సొంతంగా తిరగగలనంటే మళ్ళీ నాకే ఇస్తానన్నాడు, లేకపోతే కొత్త మనిషిని పెట్టుకుంటాడు. ఆ కొత్త మనిషికి నా వయసులో సగం ఉంటుంది. వాడు ఒకసారి కుదురుకున్నాడంటే ఇక నేను ఈ బల్ల దగ్గరే, ఎవరో మోసుకొచ్చిన త్రాసులకి స్క్రూలు బిగిస్తూ రిటైరవుతాను. ఆరేళ్ళుగా ఈ మేడ మెట్లే నా ఊరు బావా. విసుగొచ్చింది.

నా దగ్గర తొమ్మిది లక్షల పైచిలుకు ఉంది. అంతకు మించి లేదు, అప్పు చెయ్యను. ధర ఎంతో, పన్ను ఎంతో, ఏమైనా తగ్గుతుందో రాయి.

ఇంకొక మాట. ఈ సంగతి అక్కకి తెలియకూడదు. నువ్వు ఇద్దరికీ కావలసినవాడివని నాకు తెలుసు. అయినా సరే.

మీ చిన్నది


కార్ల షోరూం, బిల్లుల కౌంటర్
ఫిబ్రవరి 13

మిల్లీగ్రాముకి,

ఇంతమంది మరదళ్ళలో నిన్నొక్కదాన్నే ఆ పేరుతో పిలుస్తాను, కోపం తెచ్చుకోకు. ఎనిమిదో క్లాసులో నేను కొనిచ్చిన వేరుశనగల పొట్లం తూకం వేయించి, తగ్గిందని వెనక్కి పంపిన మనిషివి.

లైసెన్సు మాట చదివి కౌంటర్లో అందరూ చూస్తుండగా కళ్ళు తుడుచుకున్నాను. దుమ్ము పడిందని చెప్పాను.

ఇక అసలు విషయం. లివర్లు కంపెనీలోనే బిగించి వస్తాయి. వాటితో కలిపి ధర పది లక్షలు. దాని మీద అమ్మకం పన్ను నూటికి పది, అంటే ఇంకో లక్ష. మొత్తం పదకొండు. నీ తొమ్మిదికి అందదు. తగ్గింపు సంగతి చెప్పే ముందు పన్ను సంగతి చెబుతాను, ఎందుకంటే ఇరవైమూడేళ్ళుగా ఈ కౌంటర్లో జనం నాతో పేచీ పడేది దీని దగ్గరే.

మా ఓనరు మనసు కరిగి, తన లాభంలోంచి రెండు లక్షలు తగ్గించాడనుకో. నువ్విచ్చేది ఎనిమిది, మాకు ముట్టేదీ ఎనిమిదే. పన్ను ఎనిమిది మీదే, అంటే ఎనభై వేలు. అలా కాకుండా, ఆ రెండు లక్షలూ తయారుచేసిన కంపెనీ మాకు పంపిందనుకో. లేదా నీ తరఫున ఇంకెవరో కట్టారనుకో. నీకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి, నువ్విచ్చేది ఎనిమిదే కాబట్టి. కానీ మా చేతికి పది వచ్చింది. అందుకని పన్ను పది మీద పడుతుంది, పూర్తి లక్ష. "నేను ఇవ్వని డబ్బు మీద నాకు పన్నేమిటి?" అని జనం మండిపడతారు. కొత్తగా చేరినవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. కొన్నవాళ్ళు ఎంత ఇచ్చారని కాదు, అమ్మినవాడికి ఎంత ముట్టిందో చూడు. తగ్గించింది ఎవరో తెలియకుండా పన్ను వెయ్యకు.

ప్రస్తుతానికి ఈ మోడల్ మీద ఓనరూ తగ్గించడం లేదు, కంపెనీ కూడా ఏమీ ఇవ్వడం లేదు. ఏప్రిల్‌దాకా ఓపిక పట్టు, అడిగి చూస్తాను.

పెద్దమరదలికి చెప్పను. కానీ చెబితే తప్పేమిటో నాకు అర్థం కాలేదు. ఆరేళ్ళయింది. ప్రమాదం ఎవరూ కావాలని చెయ్యరు కదా.

బావ


త్రాసుల షాపు, మేడ మీద గది
ఫిబ్రవరి 25

బావా,

పన్ను పాఠం రెండుసార్లు చదివాను. బాగుంది. మా పనిలోనూ అంతే, పళ్ళెంలో ఏముందో చూస్తే చాలదు, కింద ఎవరైనా వేలు పెట్టారేమో కూడా చూడాలి. ఏప్రిల్‌దాకా ఆగుతాను.

అక్క గురించి అడిగావు కాబట్టి ఒక్కసారి చెబుతాను, మళ్ళీ అడగొద్దు.

నాకు పాదం చచ్చుబడిందని దాని మీద కోపం అని మీరంతా అనుకుంటున్నారు. కాదు. ఆ రోజు అది బేకరీలో తెల్లవారుజాము నుంచి పిండి కలిపి వచ్చింది. నేను నడుపుతానన్నాను. "నా బండి నేనే నడుపుతా" అంది. మధ్యాహ్నం, ఎండ, ఖాళీ రోడ్డు. అది కళ్ళు మూయడం నేను పక్క సీట్లోంచి చూశాను. అక్కా అని పిలుస్తుండగానే కల్వర్టు గోడ వచ్చేసింది. మనిషన్నాక నిద్ర పడుతుంది. దానికి నేనేం అనను, అప్పుడూ అనలేదు.

కానీ ఆసుపత్రిలో ప్రమాదం కాగితం రాయించుకోవడానికి రవాణా ఆఫీసు నుంచి వచ్చినవాళ్ళకి కుక్క అడ్డం వచ్చిందని చెప్పింది. అక్కడ కుక్క లేదు. నా మంచం పక్కన నిలబడి, లైసెన్సు పోతే బేకరీకి ఎలా వెళ్ళనంటూ ఏడ్చింది. నేను ఆ కాగితం కింద సాక్షి సంతకం పెట్టాను. నా సంతకం నీకు తెలుసు. ఊళ్ళో నలభై త్రాసుల మీద ఉండేది. త్రాసు తప్పుగా ఉంటే మా పెద్దాయన చెప్పినా పెట్టేదాన్ని కాదు. నా జన్మలో నేను పెట్టిన దొంగ సంతకం అదొక్కటే.

పోనీ అక్కడితో ఆగిందా. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆ కుక్క పెరిగింది. మొదట ఒట్టి కుక్క. తర్వాత గోధుమరంగు కుక్క. పిన్ని కూతురి పెళ్ళినాటికి దాని మెడలో బెల్టు కూడా ఉంది. నా ఎదురుగానే చెప్పింది, నా మొహం చూడకుండా. ఆ రోజు నుంచి నేను మాట్లాడటం మానేశాను. కుక్క లేదని ఒక్కసారి, నాకొక్కదానికి చెప్పినా చాలు. చెప్పలేదు.

అందుకని ఈ కారు మీద దాని చెయ్యి పడకూడదు.

మీ చిన్నది


కార్ల షోరూం, బిల్లుల కౌంటర్
ఏప్రిల్ 22

చిన్నమరదలికి,

తగ్గింపు దొరికింది. రెండు లక్షలు. ఏప్రిల్‌లో షోరూంలో ఏవేవో జరుగుతుంటాయి. బండి వచ్చే సోమవారం మా డ్రైవర్ తెచ్చి ఇస్తాడు. కాగితాలన్నీ ముందు సీటు ఎదుటి అరలో పెడతాను. డబ్బు ఎంత పంపాలో చీటీ మీద రాశాను, చూసుకో.

చెవి ఇంకా అలాగే ఉంది. డాక్టర్ చుక్కల మందు మార్చాడు.

బావ


త్రాసుల షాపు, మేడ మీద గది
మే 9

బావా,

ఎక్కడి నుంచి మొదలుపెట్టను?

బండి వచ్చిన రోజు షాపులో అందరూ రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. పెద్దాయన తూకం రాళ్ళ పెట్టె తనే మోసుకొచ్చి వెనక సీట్లో పెట్టి, బెల్టు కూడా కట్టాడు. చంటిపిల్లకి కట్టినట్టు కట్టాడు. నేను చేతికర్ర పక్కన పడేసి కూర్చుని లివర్ నొక్కాను. కదిలింది. వీధి చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి, వంతెన దాటి, నది ఒడ్డున ఆపుకుని ఏడ్చాను. ఎవరూ తోడు లేకుండా ఒకచోటికి వెళ్ళి ఆరేళ్ళయింది. అక్కడ చూడటానికి కూడా ఏమీ లేదు, పడవలకి రంగు వేసుకునేవాళ్ళు ఇద్దరున్నారు, అంతే. గంటసేపు వాళ్ళని చూశాను.

రూట్ నాకే ఇచ్చాడు పెద్దాయన. జూన్ ఒకటి నుంచి.

నీ తల తినే ముందు ఈ నాలుగు మాటలూ రాయాలనిపించింది. ఇప్పుడు తింటాను. డబ్బు చీటీ చూసి పంపించాను కానీ, బిల్లు నిన్ననే తీసి చదివాను. ధర పది లక్షలు. తగ్గింపు రెండు లక్షలు. అమ్మకం పన్ను లక్ష. నేను కట్టింది తొమ్మిది. నువ్వు చెప్పిన లెక్క ప్రకారం, ఓనరు తగ్గిస్తే పన్ను ఎనభై వేలే పడాలి. ఇరవై వేలు ఎక్కువ పడింది.

ఇరవైమూడేళ్ళలో నువ్వు బిల్లు తప్పు రాయడం నేను వినలేదు. పొరపాటైతే సరిచేసి పంపు. డబ్బు కోసం కాదు, నాకు నిద్ర పట్టదు.

మీ చిన్నది


కార్ల షోరూం, బిల్లుల కౌంటర్
మే 15

చిన్నమరదలికి,

నది ఒడ్డు చదివి సంతోషించాను. జాగ్రత్తగా నడుపు. బ్రేకు లివర్ మొదట్లో గట్టిగా ఉంటుంది, వారంలో అలవాటవుతుంది.

బిల్లులో తప్పేం లేదు. ఆ తగ్గింపు ఓనరుది కాదు, కంపెనీది. కంపెనీ ఇస్తే పన్ను పూర్తి ధర మీద పడుతుందని ఫిబ్రవరిలోనే రాశాను కదా. చీటీ మీద ఆ మాట రాయడం మర్చిపోయాను. ఇక దాని గురించి ఆలోచించకు. ఇక్కడ నెలాఖరు పని తలకి మించి ఉంది.

బావ


త్రాసుల షాపు, మేడ మీద గది
మే 19

బావా,

నెలాఖరు పదిహేనో తేదీనే వచ్చిందా మీకు?

నీళ్ళు నమలకు. నిన్న పని మీద వెళ్తూ ఇక్కడున్న మీ కంపెనీ షోరూంలోకి వెళ్ళాను. సొంత బండిలో వెళ్ళాను, ఆ మాట రాయడం కూడా బాగుంది. ఈ ఏడాది లివర్ల మోడల్ మీద కంపెనీ ఎవరికీ ఏమీ తగ్గించలేదని అక్కడి కౌంటర్లో అమ్మాయి పుస్తకం తెరిచి చూపించింది. ఏప్రిల్‌లో కూడా లేదు.

ఇంటికి వచ్చి బిల్లు మళ్ళీ తీశాను. కింద మూలన చిన్న అక్షరాల్లో "2లో 1వ పేజీ" అని ఉంది. పై మూలన పిన్ను గుచ్చిన రెండు చిల్లులున్నాయి, పిన్ను లేదు. నువ్వే పీకావు.

ఓనరు తగ్గించలేదు. కంపెనీ తగ్గించలేదు. నువ్వు చెప్పిన పాఠంలో మిగిలింది ఒక్కటే, "నీ తరఫున ఇంకెవరో". నీ జీతం నాకు తెలుసు, నీ దగ్గర రెండు లక్షలు ఉండవు.

రెండో పేజీ పంపు.


కార్ల షోరూం, బిల్లుల కౌంటర్
మే 24

అమ్మడూ,

పంపుతున్నాను. చదివాక నన్ను తిట్టు, పడతాను. ముందు జరిగింది చెప్పనివ్వు.

మార్చి చివర్లో మీ అక్క దగ్గరికి వెళ్ళాను. నేను చెప్పలేదు, ఒట్టు. మీ పెద్దాయన బేకరీకి కొత్త రూట్ కబురు పంపాడట, జూన్ నుంచి చిన్నదే వస్తుందేమో, కారు దొరికితే, అని. ఆయనకి మీ గొడవ తెలియదు కదా. కారు ఎంత, ఎక్కడ ఆగింది అని నన్ను నిలదీసింది. నా మొహం అబద్ధానికి పనికిరాదు.

ఏప్రిల్ పందొమ్మిదిన, షోరూం తెరిచిన కాసేపటికి, ప్రమాదం జరిగిన ఆ పాత నీలం కారు వచ్చి గేటు దగ్గర ఆగింది. బాగుచేయించిన నాటి నుంచి అది షెడ్డులోనే ఉంది, నీకు తెలియదేమో. ప్రమాదం తర్వాత పెద్దది ఒక్కరోజు కూడా స్టీరింగ్ పట్టుకోలేదు. బేకరీకి బస్సులోనే వెళ్తోంది, తెల్లవారుజాము మొదటి బస్సు. లైసెన్సు కోసం అంత పని చేసి, ఆ లైసెన్సు ఆరేళ్ళుగా వాడలేదు. ఆ రోజు మాత్రం తనే నడుపుకుంటూ వచ్చింది, నలభై కిలోమీటర్లు. దిగగానే కారు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. మంచినీళ్ళిస్తే సగం చీర మీద పోసుకుంది.

ఈ కారు మార్పిడికి తీసుకుని, దాని విలువ నీ బిల్లులో తగ్గించమంది. మావాళ్ళు చూసి రెండు లక్షల విలువ కట్టారు. షోరూం తగ్గించినట్టు రాయమంది, నీకు తెలియకుండా.

అప్పుడు నేను చెప్పాను. "అలా రాస్తే పన్ను ఎనిమిది మీద వెయ్యాలి. అది దొంగ బిల్లు. నిజం రాస్తే పన్ను పది మీద పడుతుంది. ఆ లైను చూస్తే చాలు, మిల్లీగ్రాము పట్టేస్తుంది."

కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుని, చేతి మీద అంటుకున్న పిండి గోటితో గీక్కుంటూ ఉంది. వెనక ఇద్దరు కొనేవాళ్ళు ఎదురుచూస్తున్నారు. తర్వాత అంది, "నిజమే రాయి బావా. నా వల్ల ఇంకో తప్పుడు కాగితం మీద దాని పేరు ఉండొద్దు."

రెండో పేజీ మాత్రం నువ్వు అడిగితేనే ఇమ్మంది. వెళ్ళేముందు నీ కొత్త కారులో ఒక నిమిషం కూర్చుంది. లివర్లు ముట్టుకోలేదు, ఒళ్ళో చేతులు పెట్టుకుని ఊరికే చూసింది. బస్సులో వెళ్ళిపోయింది.

బిల్లులో నిజం రాసి, నీకు రాసిన ఉత్తరంలో కంపెనీ అని అబద్ధం రాశాను. ఎక్కడ దాచకూడదో అక్కడే దాచాను. కాగితాల మధ్య బతికి బతికి, కౌంటర్ మీద ఉన్న నిజాయితీ ఇంట్లో మనిషి దగ్గర లేకుండా పోయింది. నన్ను క్షమించు.

బావ

(జతచేసింది: బిల్లు 2లో 2వ పేజీ. "మార్పిడి వాహనం: నీలం రంగు, ఒకటి. యజమాని: కొనుగోలుదారు కాదు, కొనుగోలుదారు సోదరి. విలువ: రెండు లక్షలు. తృతీయ వ్యక్తి చెల్లింపు అయినందున పన్ను పూర్తి ధరపై.")


త్రాసుల షాపు, మేడ మీద గది
మే 28

బావా,

అందింది.

తాళం చెవి ఈ ఉత్తరంతోనే పెట్టి పంపేద్దామని కవరు తీశాను. పెద్దాయన ఎదురుగా ఉన్నాడు, ఎవరికి అని అడిగాడు, కవరు మళ్ళీ సొరుగులో పెట్టేశాను. కారు షాపు వెనక పెట్టి గుడ్డ కప్పేశాను. రూట్ వేరేవాళ్ళకి ఇచ్చుకోమని రేపు చెబుతాను.

ఏ కారు నా పాదాన్ని తీసుకుందో, ఆ కారే అమ్మి నాకు చక్రాలు కొనిపెట్టిందన్నమాట. ఇది ఉపకారమో, చేతులు దులుపుకోవడమో నాకు తెలియడం లేదు. రెండు లక్షలు ఇస్తే లేని కుక్క పోతుందా? నాకు దాని కారు అక్కర్లేదు, దాని నోట్లోంచి ఒక్క మాట కావాలి. అది చెప్పకుండా ఏమేమో ఇస్తోంది.

నువ్వు వర్ణించినవి, తలుపు పట్టుకుని నిలబడిపోవడం, నీళ్ళు ఒలకడం, అవి చదివి నేను ఏడవలేదని చెప్పను. ఏడ్చాను. ఏడ్చినంత మాత్రాన అయిపోలేదు.

నీ మీద కోపం ఉంది. పోతుంది. కాస్త టైమివ్వు.

చిన్నది


బేకరీ, వెనక గది
మే 30

చెల్లీ,

బావ నీ ఉత్తరం నాకు చూపించాడు. వాడి మీద కోప్పడకు, నేను లాక్కున్నాను.

నేను పెద్ద రాతగత్తెను కాదు. కొలత రాసుకునే కాగితం మీదే రాస్తున్నాను, పిండి మరకలుంటాయి.

ఆ రోజు రోడ్డు మీద కుక్క లేదు.

నాకు నిద్ర పట్టింది. నువ్వు నడుపుతానన్నావు, నేను వినలేదు. నేను కళ్ళు మూశాను. నువ్వు నన్ను పిలవడం వినపడింది, కళ్ళు తెరిచేసరికి గోడ ఉంది. ఆసుపత్రిలో భయపడి కుక్క అని చెప్పాను. నీ చేత సంతకం పెట్టించాను. నీ చెయ్యి ఆ రోజు కట్లలో ఉంది, పెన్ను నేనే నీ వేళ్ళ మధ్య పెట్టాను. అది నేను రోజూ చూస్తాను, పిండి పిసుకుతున్నప్పుడు ఎక్కువ.

తర్వాత ఎందుకు చెప్పలేదంటే, ఒక్కొక్కళ్ళకి చెప్పినకొద్దీ వెనక్కి తీసుకోవడం కష్టమైంది. రంగు ఎవరో అడిగారు, నోటికొచ్చింది చెప్పాను. పెళ్ళిలో బెల్టు అని నేను అంటున్నప్పుడు నువ్వు లేచి వెళ్ళిపోవడం చూశాను. అప్పుడు నీ వెనకే రావాలి. రాలేదు. మొహం చెల్లలేదు.

ఇది చుట్టాలందరికీ చెబుతాను. ఆ రవాణా ఆఫీసుకి కూడా వెళ్ళి రాసిస్తాను. లైసెన్సు తీసుకుంటే తీసుకోనీ, నాకు దాంతో పని లేదు. నీ సంతకం తప్పు నాదేనని కూడా రాస్తాను.

కారు నువ్వు ఉంచుకున్నా పంపేసినా నీ ఇష్టం. నేను అది ఇచ్చింది తప్పు తీర్చడానికి కాదు. ముందు ఆ బండి వదిలించుకుంటే గానీ నోరు లేవదనుకున్నాను. నిజంగా అలాగే అయింది చెల్లీ. దాన్ని నడుపుకుంటూ ఆ కల్వర్టు మీదుగానే వెళ్ళాను. అక్కడ ఆపాను. ఏ కుక్కా లేదు.

ఆరేళ్ళుగా మా త్రాసు మీద వేరే ఎవరిదో సంతకం ఉంటోంది. అది చూసినప్పుడల్లా నీ సంతకం ఉన్న పాత చీటీ గుర్తొస్తుంది. దాన్ని పారెయ్యలేదు.

అక్క


త్రాసుల షాపు, మేడ మీద గది
జూన్ 2

అక్కా,

పిండి మరకలున్నాయి. ఒకచోట నీ వేలి ముద్ర కూడా ఉంది.

పెద్దాయనకి రూట్ వద్దని చెప్పడానికి కిందికి దిగాను. ఏం చెప్పాలో తెలియక మళ్ళీ పైకి వచ్చేశాను. అలా రెండు రోజులు ఎక్కుతూ దిగుతూ ఉండగా నీ ఉత్తరం వచ్చింది. నిన్న ఒకటో తేదీ. పెద్దాయన గుడ్డ తనే తీసి, రాళ్ళ పెట్టె మళ్ళీ ఎక్కించి బెల్టు కట్టాడు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. మొదటి రోజు మూడు మందుల షాపులు, ఒక గోదాము చూసి వచ్చాను. గోదాములో త్రాసు అరకిలో తప్పుగా ఉంది. సంతకం పెట్టనంటే యజమాని గొడవపడ్డాడు. ఆ గొడవ కూడా ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నీ మీద కోపం పూర్తిగా పోయిందని రాస్తే అది ఇంకో కుక్క అవుతుంది. పోలేదు. కానీ నీ ఉత్తరం చదివాక, ఆరేళ్ళలో మొదటిసారి, నువ్వు నాకు గుర్తొచ్చినప్పుడు కల్వర్టు గోడ కాకుండా నువ్వే గుర్తొచ్చావు. నా వేళ్ళ మధ్య పెన్ను పెట్టినప్పుడు నీ చేతులు కూడా వణికాయి. నేను అది మర్చిపోయాను. నువ్వు రాశాక జ్ఞాపకం వచ్చింది.

ఆఫీసుకి నువ్వొక్కదానివే వెళ్ళకు. అబద్ధం కింద నా సంతకం కూడా ఉంది, ఇద్దరం కలిసే వెళ్ళి మార్చుకుందాం. నేను నడుపుతాను, నువ్వు పక్క సీట్లో కూర్చో. నిద్రొస్తే పడుకో.

గురువారం నా రూట్లో మీ బేకరీ ఉంది. పదకొండింటికి వస్తాను. త్రాసు తుడిచి పెట్టు, పిండి పేరుకుంటే ముల్లు కదలదు. సరిగ్గా ఉంటేనే సంతకం పెడతాను, అక్కవని చూడను.

నీ కాగితం దాచుకున్నాను. "ఆ రోజు రోడ్డు మీద కుక్క లేదు" అని నువ్వు రాసిన లైను కింద, సాక్షిగా, నేను సంతకం పెట్టాను.

నీ చెల్లి